అప్‌డేట్: నల్ల కారుకి మెరుపు వచ్చింది

మూడుసార్లు వ్యాక్స్ రాసినా నా నల్ల కారు పొగ పట్టినట్టే ఉంటోందని అడిగాను కదా. తప్పు వ్యాక్స్‌ది కాదు. కింద సన్నటి గీతలు వెలుతురుని చెదరగొడుతుంటే పైన ఎన్ని పూతలు వేసినా అంతే. మీరు చెప్పినట్టు కడిగాక, తడి మీద క్లే బార్‌తో (పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద) రుద్దాను. గరుకుగా తగిలే బానెట్ గాజులా నున్నగా అయింది. తర్వాత డ్యూయల్ యాక్షన్ మెషీన్ (గుండ్రంగా తిరుగుతూనే అటూఇటూ ఊగే పాలిషింగ్ మెషీన్), ఫోమ్ ప్యాడ్, సన్న రకం పాలిష్‌తో ఆ గీతల్ని అరగదీశాను. క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) అరిగిపోతుందేమోనని టెన్షన్‌తో ముందు ఒక మూలే ప్రయత్నించాను. అంచుల దగ్గర మాత్రం చేత్తోనే. చివర్లో పల్చగా ఒక్క పూత వ్యాక్స్. ఇప్పుడు బానెట్‌లో మా వేపచెట్టు ఆకులు లెక్కపెట్టొచ్చు! ఎడమ తలుపు మీద లోతైన గీత పోలేదు, వదిలేశాను. అన్నట్టు, ఆ గీతలన్నీ రోజూ పొడిగుడ్డతో దుమ్ము తుడిచిన పుణ్యమే. వాచ్‌మన్‌కి చెప్పి అది మాన్పించాను.