పొదుగా, పొదువా? (రాతిలో కప్ప కూడా)

తాళపత్రం: సిలికా జెల్ (గాజుకి మూలమైన సిలికాతో కట్టే సన్న రంధ్రాల ముద్ద) లోపల ఈస్ట్ కణాలను చావకుండా ఉంచే పద్ధతుల మీద ఒక పత్రికకి వ్యాసం రాస్తున్నా. "సిలికాలో పొదిగిన కణాలు" అన్నాను. మా అన్నయ్య చూసి "గు కాదు, వు. పొదివిన అనాలి" అన్నాడు. అప్పట్నుంచి రెండూ ఎబ్బెట్టుగానే ఉన్నాయి. ఇంకోటి, మా తాతయ్య "రాతిలో కప్పకు..." అని ఓ సీసపాదం చదివేవారు. తర్వాతి ముక్క గుర్తు రావట్లేదు. దాంతోనే వ్యాసం ఎత్తుకుందామని.

గోదారిగట్టు: నరసింహ శతకమండీ. "అడవి పక్షుల కెవ్వ డాహార మిచ్చెను" సీసం. మాకు బళ్లో కంఠతా పట్టించారు.

చేదబావి: పట్టించారు సరే, అందులో కప్పేదీ? పక్షులు, మృగాలు, చెట్లు, కడుపులో బిడ్డ, పాములు, తుమ్మెదలు, పసులు. పాముకి పాలు పోయించిన శతకకర్త శేషప్ప కప్పని మాత్రం వదిలేశాడు.

ఉంగరంరాయి: కప్పని పక్కన పెట్టండి. పొదుగే సరి. మాది కంసాలి ఇల్లు, రాయి పొదగడం చూస్తూ పెరిగా. కోడి గుడ్లు పొదిగేదీ ఆ మాటే. గాజూ వచ్చింది, ప్రాణమూ వచ్చింది. ఇంకేం కావాలి?

సీసాబుడ్డి: ఉంగరంలో రాయికి ఊపిరాడక్కర్లేదు మాస్టారూ. కొన్నాళ్లు ఈ పని చేసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. 1989లో ఇటలీలో కార్టురాన్ బృందం ఈస్ట్‌ని సిలికా జెల్‌లో పెట్టింది. అలాంటి జెల్‌కి మామూలుగా వాడే ముడిసరుకు టెట్రాఇథాక్సీసిలేన్. అది నీటితో పూర్తిగా విడిపోతే ఒక్కో అణువుకి 4 ఆల్కహాల్ అణువులు బయటపడతాయి. కణం పైపొరకి అది విషం. అందుకే చాలామంది సోడియం సిలికేట్ దారి పట్టారు. దాని పీహెచ్‌ని ఆమ్లంతో 7 దగ్గరికి దించి కణాలు కలిపితే కాసేపట్లో గడ్డకడుతుంది, గొట్టం బోర్లించినా జారదు. అసలు గండం ఆరడంలో ఉంది. సన్న రంధ్రాల్లో నీరు వెనక్కి తగ్గుతూ గోడల్ని లోపలికి లాగుతుంది, కణం నలిగిపోతుంది. ఓసారి మూత మరిచి ఏసీ గదిలో వదిలేశా. తెల్లారేసరికి జెల్లంతా వేసవి చెరువులా నెర్రెలిచ్చింది.

అమ్ములపొది: అయితే పొదువే! "పాపను పొదివి పట్టుకుంది" అంటాం. నొక్కదు, జారవిడవదు. నా లెక్కలో పొద, పొది, పొదరిల్లు, పొదుగు, పొదువు అన్నీ ఒక తల్లి పిల్లలే. లోపలున్నదాన్ని చుట్టుకుని కాయడమే అన్నిటి పనీ. ఆవు పొదుగూ అంతే.

ఉంగరంరాయి: ఆవు దాకా వచ్చారుగా, పాలు కూడా పిండేయండి. సోడియం సిలికేట్ అంటే వాటర్ గ్లాసే కదా? పాశ్చాత్య దేశాల్లో ఒకప్పుడు కోడిగుడ్లు అందులోనే వేసేవాళ్లు. కాబట్టి పొదుగు.

చేదబావి: నిల్వకి వేసేవాళ్లు బాబూ, పొదగడానికి కాదు. పెంకు రంధ్రాలు మూసుకుపోయాక పిల్ల ఎక్కడ్నుంచి వస్తుంది?

సీసాబుడ్డి: 2006లో సైన్స్ పత్రికలో బ్రింకర్ బృందం పని వచ్చింది, అమెరికాలోని అల్బుకర్కీ నుంచి. పొట్టి తోకల ఫాస్ఫోలిపిడ్లు కలిపి చూస్తే ఈస్ట్ కణం ఊరికే కూర్చోలేదు. ఆ కొవ్వు పొరల్ని తన చుట్టూ తనే పేర్చుకుంది, సిలికా వాటి అవతల కట్టుకుంది. కణాలు అంతకుముందుకన్నా ఎక్కువకాలం బతికాయి. మనం పొదిగిందేం లేదక్కడ.

అమ్ములపొది: విన్నారా? పొదువు"కొంది"!

చేదబావి: శేషప్ప దగ్గరికే వస్తా. "చెట్ల కెవ్వడు నీళ్లు చేదిపోసె". వట్టి పోసె కాదు, చేదిపోసె. అడవి మొత్తానికి చేదతో తోడాలంటే దేవుడి అరచేతులు ఎంత కందిపోయుండాలి! గోదారి ఒడ్డున ధర్మపురిలో ఉండి బావి తాడుని తలుచుకున్నాడు చూడండి.

గోదారిగట్టు: గోదారి ఒడ్డున బావులుండవా ఏం?

తాళపత్రం: "పొదువుకున్న కణాలు" అని పంపా. పాఠకులకి తెలియదంటూ ఎడిటర్‌గారు "బంధించిన" చేసేశారు. కప్ప సంగతి ఎవరూ చెప్పలేదు.

గోదారిగట్టు: మా మేనత్తకి వచ్చట. "రాతి" కాదు, బండి ఱతో "ఱాతి" అంటోంది. కునుకు తీస్తోంది, లేచాక అడుగుతా.