నోటర్ డేమ్‌లో రాత్రి 12 రూల్: మా అమ్మాయిని పంపాలా వద్దా?

నేపర్‌విల్_అమ్మ:
అందరికీ నమస్తే. మా పెద్దమ్మాయికి నోటర్ డేమ్‌లో (సౌత్ బెండ్ ఊళ్లో ఉన్న క్యాథలిక్ యూనివర్సిటీ) అండర్‌గ్రాడ్ అడ్మిషన్ వచ్చింది. మే 1 లోపు ఏదో ఒకటి చెప్పేయాలి, ఇంట్లో వారం రోజులుగా ఇదే గొడవ. అక్కడ అమ్మాయిల హాళ్లు (హాస్టళ్లని అలా అంటారు) వేరు, అబ్బాయిల హాళ్లు వేరు. ఆదివారం నుంచి గురువారం దాకా రాత్రి 12కి, శుక్ర శనివారాల్లో 2కి ఒకరి హాల్లోంచి ఇంకొకరు వెళ్లిపోవాలి. పరైటల్స్ అంటారట. ఈ మాట వినగానే మా ఆయనకి ప్రాణం లేచొచ్చింది. మా అమ్మాయేమో "ఓటు వేయడానికి పెద్దదాన్ని, దీనికి మాత్రం చిన్నపిల్లనా" అంటోంది.

నా భయం వేరు. నేను ఇంటర్ విజయవాడలో హాస్టల్లో ఉండి చదివాను, పేరు వద్దులెండి. ఓ రాత్రి పక్క మంచం అమ్మాయికి జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే వార్డెన్ తలుపు ఎంత కొట్టినా తీయలేదు, తెల్లారేదాకా తడిగుడ్డ మార్చుకుంటూ కూర్చున్నాం. క్రమశిక్షణ అంటే నాకు ఇప్పటికీ ఆ తలుపే గుర్తొస్తుంది. ఇదీ అలాంటిదేనా? ఇంకోటి, మేం హిందువులం. మాస్‌కి, అదే చర్చి ప్రార్థనకి, వెళ్లి తీరాలా?

గ్రోటో_కొవ్వొత్తి:
అక్కా, నేను నాలుగేళ్లు అక్కడే చదివాను. మాస్‌కి ఎవరూ బలవంతం చేయరు, రెండు థియాలజీ (దైవశాస్త్రం) కోర్సులు మాత్రం తప్పవు. ప్రతి హాల్లోనూ చాపెల్, అంటే చిన్న ప్రార్థనా మందిరం, ఉంటుంది. డిల్లన్ హాల్లో గురువారం రాత్రి మాస్ అయ్యాక మిల్క్‌షేక్‌లు ఇస్తారు, నేను మొదటిసారి వెళ్లింది వాటికోసమే. మనం కమ్యూనియన్ (మాస్‌లో ఇచ్చే పవిత్రమైన రొట్టె) తీసుకోం కాబట్టి చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని వరసలో వెళ్తే ఫాదర్ దీవించి పంపిస్తారు, లేదంటే కూర్చున్నచోటే కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. గ్రోటో అని లూర్దు గుహలాగా 1896లో కట్టింది ఒకటుంది. ఫైనల్స్ ముందు రాత్రి అక్కడ నిలబడటానికి చోటుండదు, మంచులో మోకరిల్లిన వాళ్ల పక్కన నేనూ ఓ కొవ్వొత్తి వెలిగించి మా ఊరి వినాయకుణ్ణి తలుచుకునేదాన్ని.

పరైటల్స్ అంటే మీరు లోపల బందీ అని కాదు. మీరు ఎప్పుడైనా బయటికి వెళ్లొచ్చు, ఎప్పుడైనా రావచ్చు. అబ్బాయిలతో కలిసి చదువుకోవాలంటే రాత్రంతా తెరిచి ఉండే కామన్ రూమ్ ఉంటుంది. రెక్టర్, అంటే హాలు బాధ్యత చూసేవారు, హాల్లోనే ఉంటారు, మా రెక్టర్ తలుపు అర్ధరాత్రి కొట్టినా తీసేవారు. అక్కడ సోరారిటీలు (అమ్మాయిలు చేరే విద్యార్థి సంఘాలు) ఉండవు, 2018లో చేరిన బ్యాచ్ నుంచి మూడేళ్లు క్యాంపస్‌లోనే ఉండాలి, అందుకని హాలే ఇల్లవుతుంది. నచ్చని హాలు పడితే కష్టమే, అది కూడా చెప్పాలి కదా.

లూయివిల్_నాన్న:
పై చెల్లెమ్మ చెప్పింది బాగుంది గానీ టైమింగ్స్ కంటే పెద్ద విషయం ఇంకోటుంది. శారీరక సంబంధం పెళ్లిలోనే అన్నది చర్చి బోధ, వీళ్లు దాన్ని స్టూడెంట్ రూల్స్‌లోనే రాసుకున్నారు. అలా నమ్మే హక్కు వాళ్లకుంది, దాచకుండా చెప్తున్నందుకు గౌరవం కూడా. నా గొడవల్లా ఒకటే. ఇలాంటి రూల్ ఉన్నచోట రాత్రి ఒంటిగంటకి ఒక అమ్మాయి మీద ఎవడైనా చెయ్యి వేస్తే ఆ పిల్లకి మొదట గుర్తొచ్చేది ఏంటి? మా అక్క కూతురు వేరే క్యాథలిక్ యూనివర్సిటీలో చదివింది. "ఆ టైంలో ఆ గదిలో ఎందుకున్నావు" అని అడుగుతారని భయపడి మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు, చివరికి మాకు చెప్పింది కూడా ఫోన్లో, ఏడుస్తూ.

నోటర్ డేమ్‌లో అలా ఫిర్యాదు చేసినవాళ్ల మీద పరైటల్స్ తప్పారని చర్య తీసుకోరు, అది రాతపూర్వకంగానే ఉంది. కాగితం మీద ఉంటే చాలదండీ. చేరిన మొదటి వారంలోనే ఎవరో ఒకరు పిల్లల మొహం చూసి ఆ మాట చెప్పాలి. అది కనుక్కోండి.

లయోలా_పాత_విద్యార్థి:
నేను మన విజయవాడ ఆంధ్రా లయోలా కాలేజీ వాడిని. క్యాథలిక్ అంటే అన్నీ ఒకటే అనుకోకండి. జార్జ్‌టౌన్ యూనివర్సిటీ కూడా క్యాథలికే, మమ్మల్ని చదివించిన జెసూయిట్ ఫాదర్లదే, అక్కడ అబ్బాయిలూ అమ్మాయిలూ ఉండే హాళ్లున్నాయి, 2016లో హిందూ చాప్లిన్‌ని, అంటే విద్యార్థులకి మతపరంగా తోడుండే గురువుని, కూడా పెట్టుకున్నారు. నోటర్ డేమ్ హోలీ క్రాస్ అనే వేరే క్యాథలిక్ సంఘం ఫాదర్లది, వాళ్ల పద్ధతి వేరు. ఇంకో మాట, ఏమీ అనుకోకండి. మీ ఆయనకి నచ్చడం, మీకు భయం వేయడం సరే, అక్కడ నాలుగేళ్లు ఉండేది మీ అమ్మాయి.

నేపర్‌విల్_అమ్మ:
అందరికీ థాంక్స్. ఇవన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను. మేనకోడలి సంగతి దగ్గర ఆగి, మళ్లీ ఒకసారి చదవమంది. శనివారం ఇద్దరమే సౌత్ బెండ్ వెళ్తున్నాం, మా ఆయన్ని ఇంట్లోనే ఉండమన్నాను. రెక్టర్‌ని కలిస్తే ఆ ప్రశ్న తనే అడుగుతానంది, నన్ను బయట నిలబడమంది.