అత్తయ్యగారికి చదివి వినిపించడానికి కథల పుస్తకాలు చెప్పండి

మా అత్తయ్యగారికి చూపు మందగించింది. ఒకప్పుడు వారపత్రికల్లో ఒక్క సీరియల్ కూడా వదలని మనిషి. ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక నేను పైకి చదువుతుంటే, మర్నాటి కూరకి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటారు. నచ్చితే చేతిలో పని ఆపేసి "ఆ ముక్క మళ్లీ చదువమ్మా" అంటారు. పెళ్లయిన కొత్తలో మా మధ్య పెద్దగా మాటలుండేవి కావు. ఇప్పుడు తన పుట్టింటి కబుర్లన్నీ చెబుతున్నారు. ఇది ఆగిపోకూడదని నా ఆశ.

సత్యం శంకరమంచి గారి ‘అమరావతి కథలు’ 100 కథలూ అయిపోవచ్చాయి. తర్వాత ఏం చదవమంటారు? ఒక్కో కథ పదిహేను నిమిషాల్లో పూర్తవ్వాలి. రాయలసీమ, తెలంగాణ కథలు కూడా వినాలని ఉందట. ఆ యాసలు పైకి చదవడం నాకు కొత్త, ఎవరితో మొదలుపెడితే తేలికో చెప్పండి. పెద్దక్షరాల్లో అచ్చయినవి ఉంటే ఇంకా మంచిది, తనూ ఒక పేజీ చదవాలని ముచ్చటపడుతున్నారు.