అప్‌డేట్: బాబును ఎత్తుకుంటే మణికట్టు నొప్పి

రెండు నెలల క్రితం అడిగాను కదా, కాన్పయి ఆరు వారాలు, బాబును ఎత్తబోతే కుడి బొటనవేలి మొదట్లో కోసినట్టు నొప్పి, వాడేమో తల ఎప్పుడూ కుడివైపే పెడుతున్నాడు అని. ఆక్యుపేషనల్ థెరపిస్టుకు (రోజువారీ పనులు ఇబ్బంది లేకుండా చేసుకోవడం నేర్పేవాళ్ళు) చూపించమన్న అక్కలందరికీ థ్యాంక్స్.

అమ్మవాళ్ళది కావలి దగ్గర పల్లె. మొదట చూపించిన చోట "బాలింత నొప్పులే, పోతాయి" అని పంపేశారు. అలా నెల వృథా అయింది. ఆ బాధ నాకింకా ఉంది.

తర్వాత నెల్లూరులో థెరపిస్టు దగ్గరికి వెళ్ళాం. దీన్ని డీ క్వెర్‌వెయిన్ అంటారట. బొటనవేలిని కదిపే టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళలాంటివి) మణికట్టు దగ్గర ఒరుసుకుని నొప్పి పుడుతుంది. బొటనవేళ్ళు చాపి, బాబు చంకల కింద పట్టి లేపడమే నా తప్పు. ఇప్పుడు ఒక అరచెయ్యి పిరుదుల కింద, ఇంకోటి మెడ వెనక పెట్టి, దోసిట్లోకి తీసుకున్నట్టు ఎత్తుతున్నాను. బొటనవేలు కదలకుండా చేతికి కట్టుకునే గట్టి పట్టీ (స్ప్లింట్) ఇచ్చారు. పాలిచ్చేటప్పుడు ఒళ్ళో దిండు, బరువంతా దాని మీదే.

బాబుకు మెడ కండరం ఒకవైపు బిగుసుకుందట. మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కనే ఉండి కాసేపు బోర్లా పడుకోబెట్టమన్నారు. నిద్ర మాత్రం వెల్లకిలే. "మెడ నిలవని బిడ్డను బోర్లానా?" అని అమ్మ గొడవపడింది. ఇప్పుడు తనే బాబుకు ఎడమవైపు కూర్చుని, వాడు అటు తిరగాలని గిలక్కాయ ఊపుతోంది.

నొప్పి చాలావరకు తగ్గింది, నీళ్ళ బకెట్ మాత్రం ఇంకా ఎత్తలేను. నిన్న పొద్దున బాబు తనంతట తనే ఎడమవైపు తిరిగి నన్ను చూశాడు. ఏడ్చేశాను.