కొత్త మొక్కజొన్న దింపాక గుడ్డు తగ్గుతోంది: మేత వల్లా, నీళ్ల వల్లా?

లావేరు_లేయర్
అందరికీ నమస్కారం. లావేరు దగ్గర మాకు లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారం ఉంది, మేత మా షెడ్డు దగ్గరే కలుపుకుంటాం. రబీ మొక్కజొన్న రాగానే చుట్టుపక్కల రైతుల దగ్గరే కొని గోడౌన్ నింపాం. ఆ లోడు వాడటం మొదలెట్టిన కొన్ని రోజులకి గుడ్డు తగ్గడం మొదలైంది. ఒకేసారి పడిపోతే ఏదో జబ్బు అనుకోవచ్చు, ఇది రోజుకి ఒకటి రెండు ట్రేలు చొప్పున జారుతోంది, అందుకే టెన్షన్. తొట్టెల్లో మేత మిగులుతోంది, రెట్ట పలచగా ఉంది, కొన్నిటికి తలమీది ఎర్ర జుట్టు పాలిపోయింది. చచ్చినదాన్ని కోయించి చూస్తే లివర్ పసుపురంగులో ఉబ్బి ఉంది. లాసోటా బూస్టర్ (కొక్కెర తెగులు టీకా) వేసినా టైటర్ (టీకా పట్టిందో లేదో చెప్పే రక్తపరీక్ష లెక్క) రాలేదు. మందుల షాపులో లివర్ టానిక్ చేతిలో పెట్టారు, వాడుతున్నాం, తేడా ఏం కనపడలేదు. ఎవరికైనా ఇలా జరిగిందా? ముందు ఏటి చూడాలి?

బొబ్బిలి_మిల్లు
తమ్ముడూ, కొన్నప్పుడు తేమ ఎంత? మీటర్ పెట్టారా, లేక పంటి కింద పెట్టి కొరికారా?

మన దగ్గర రబీ మక్క కోతకొచ్చేసరికి ఏప్రిల్, మే. ఎండలకేం తక్కువ లేదు గానీ సాయంత్రం పూట గాలివాన కూడా అప్పుడే. రోడ్డు మీద ఆరబోసినవాడు మబ్బు పట్టగానే కుప్ప చేసి బరకం కప్పేస్తాడు, మర్నాడు తీసేసరికి లోపల ఆవిరి. పైన గింజ గలగలలాడుతుంది, కుప్ప మధ్యలో చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనమే అసలు సంగతి. 12, 13 శాతం కన్నా తేమ ఎక్కువున్న సరుకు నిల్వ పెడితే బూజు పట్టడం ఖాయం, దానికి తుఫానే రానక్కర్లేదు. హుద్‌హుద్ అప్పుడూ (2014) తిత్లీ అప్పుడూ (2018) తడిసిన సరుకు కంటికి కనిపించింది కాబట్టి అందరూ జాగ్రత్తపడ్డారు. ఇలాంటి మామూలు సంవత్సరాల్లోనే మోసపోతాం.

మీటర్ లేకపోతే ఒక పని చెయ్యి. పొడిగా ఉన్న గాజుసీసా తీసుకుని అందులో గుప్పెడు గింజలు, బాగా ఎండిన ఉప్పు కొంచెం వేసి మూతపెట్టి గట్టిగా ఊపు. ఉప్పు సీసా గోడకి అంటుకుంటే తేమ 15 దాటినట్టే లెక్క. రాలిపోతే కొంత నయం. లారీ తలుపు తీసిన చోట కాకుండా అడుగు సంచుల్లోంచి కూడా తీసి చూడు.

చీపురుపల్లి_బ్రాయిలర్
మీరు అదృష్టవంతులన్నా, గింజ మీ కళ్లముందే ఉంటుంది. మాది ఇంటిగ్రేషన్, అంటే కంపెనీకి కోళ్లు పెంచిపెట్టడం. పిల్లలు వాళ్లవే, మేత వాళ్లదే, మందులూ వాళ్లవే, షెడ్డు, కూలీ, కరెంటు, ఊక మాత్రం మావి. ఒక బ్యాచ్‌కి పెల్లెట్ సంచి విప్పితే సగం పొడి, కమురువాసన. సూపర్‌వైజర్‌కి చెబితే "అందరికీ అదే పంపాం, మీకొక్కరికే కంప్లయింటు" అన్నాడు. బ్యాచ్ చివర ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకి కోడి తిన్న మేత) పెరిగిందని గ్రోయింగ్ చార్జీలో, అంటే మాకిచ్చే పెంపకం కూలీలో కోత. మేత బాగోలేదని నిరూపించే బాధ్యత మా మీదే ఉన్నప్పుడు మనం చెయ్యగలిగింది ఒకటే, ప్రతి లోడులోంచి కిలో, రెండు కిలోలు తీసి గాలి చొరబడని డబ్బాలో దాచడం, సంచి మీద తేదీ, బ్యాచ్ నంబరు ఫోటో తియ్యడం, దింపేటప్పుడే చలానా మీద "పొడి ఎక్కువ, వాసన ఉంది" అని రాసి డ్రైవర్ చేత సంతకం పెట్టించడం. అలా రాయడం మొదలెట్టాక మా వైపు కాస్త మంచి సంచులే వస్తున్నాయి. ఎందుకో మరి 🙂

గరివిడి_హాస్టల్
నేను గరివిడి వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాను. డాక్టర్ని కాదు, కాబట్టి ఇది చదివి మందులు మార్చకండి.

లేయర్ అన్నా, లివర్ పసుపుగా ఉన్నంత మాత్రాన అఫ్లటాక్సిన్ (ఒక రకం బూజు పుట్టించే విషం) అని ఖాయం చేసుకోవద్దు. ఎండాకాలం కేజ్ లేయర్లలో ఫ్యాటీ లివర్ కూడా వస్తుంది. తేడా ఎలా అంటే, ఫ్యాటీ లివర్‌లో బాగా బలిసిన కోడి, నిన్నటిదాకా గుడ్డు పెట్టిన కోడి హఠాత్తుగా చచ్చిపోతుంది, కోస్తే పొట్ట నిండా కొవ్వు, లివర్ చిట్లి నెత్తురు గడ్డలు. మీరు చెప్పింది అలా లేదు. మేత మిగలడం, నెమ్మదిగా తగ్గడం, టైటర్ రాకపోవడం, ఇవి మూడూ కలిస్తే బూజు విషం మీదకే అనుమానం పోతుంది. అఫ్లటాక్సిన్ రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తుంది, అందుకే వ్యాక్సిన్ మంచిదైనా కోడి దాన్ని అందుకోలేదు. చాలామంది వ్యాక్సిన్ కంపెనీని తిడతారు గానీ తప్పు గోడౌన్‌లో ఉంటుంది.

అసలీ విషం సంగతి ప్రపంచానికి తెలిసిందే కోళ్ల మేత వల్ల. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, వెతగ్గా వెతగ్గా బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుసెనగ పిండిలో దొరికింది. మన దగ్గర వేరుసెనగ చెక్క కలిపేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రకారం కోళ్ల మేతలో అఫ్లటాక్సిన్ బి1 అనే రకం 20 పీపీబీ దాటకూడదు. 20 పీపీబీ అంటే టన్ను మేతలో 20 మిల్లీగ్రాములు, కంటికి కనిపించేది కాదు. పైకి బూజు కనపడలేదంటే విషం లేదనీ కాదు, బూజు ఉన్నంత మాత్రాన విషం ఉందనీ కాదు.

శాంపిల్ విషయంలో మాత్రం పీనాసితనం వద్దు. విషం సరుకంతా సమానంగా ఉండదు, ఒక సంచిలో బోలెడు, పక్క సంచిలో సున్నా ఉండొచ్చు. వీలైనన్ని సంచుల్లోంచి, పైనా మధ్యా కిందా తీసి, అంతా పిండి చేసి కలిపి, అందులోంచి పంపాలి. ఒక గుప్పెడు పంపి "రిపోర్టు బాగానే వచ్చింది" అంటే కుదరదు.

గంట్యాడ_పెద్దన్న
అందరూ మేత మేత అంటున్నారు. నీళ్లు చూశారా? ఈ ఎండలకి కోడి తిన్నదానికి రెండింతలు పైనే నీళ్లు తాగుతుంది, ట్యాంకు మూత తీసి చూసిన నాథుడు ఉండడు. పైపుల్లో జిగురు పేరుకుంటే పైనుంచి ఎంత క్లోరిన్ వేసినా దండగే, బ్యాచ్ అయిపోయాక యాసిడ్ పెట్టి కడగాల్సిందే. టైటర్ రాలేదన్నావు కదా, లాసోటా నీళ్లలో ఇచ్చావా? ఆ రోజు క్లోరిన్ ఆపావా? లీటరుకి 5 గ్రాముల చొప్పున వెన్నతీసిన పాలపొడి కలిపావా? గంట, రెండు గంటల్లో తాగేసేలా ముందు దాహం పెట్టావా? ఇవేవీ చెయ్యకుండా మక్కని ఆడిపోసుకుంటే ఎలగ.

లావేరు_లేయర్
పెద్దన్నా, క్లోరిన్ ముందురోజే ఆపాం, పాలపొడి వేశాం. ట్యాంకు కూడా కడిగించాం. పాత మక్క వాడినన్నాళ్లూ ఇదే నీళ్లు, ఇదే మనుషులు.

బొబ్బిలి అన్నా, సీసా పరీక్ష చేశాను. పై వరస సంచుల్లో ఉప్పు రాలింది. గోడవైపు కింద వరసలో సీసాకి పట్టేసింది 😟

బొబ్బిలి_మిల్లు
గోడకి ఆనించి పేర్చారన్నమాట. కింద చెక్కలు లేవా? గోడకి రెండు అడుగులు ఎడం వదలాలి, నేల మీద చెక్కలు వెయ్యాలి, లేకపోతే పొడిగా తెచ్చిన సరుకు కూడా చెమ్మ లాగుతుంది.

ఇంకోటి, రెట్ట పలచన అన్నావు. ఎండుచేపల పొడి కలుపుతున్నారా? మన తీరం సరుకులో ఉప్పూ ఇసుకా రెండూ ఎక్కువే. దాని మీద మళ్లీ ఫార్ములా ప్రకారం ఉప్పు వేస్తే కోడి నీళ్లు తాగి తాగి రెట్ట పలచబడుతుంది. ఇసుక తెలియాలంటే గ్లాసు నీళ్లలో చెంచా పొడి వేసి కలిపి కాసేపు ఆగు, అడుక్కి దిగుతుంది.

సోయా చెక్క కూడా చూసుకో. ఈ మధ్య చౌకగా ఇస్తామని ఫోన్లు వస్తున్నాయి. ల్యాబులో ప్రొటీన్ అని చెప్పేది నిజానికి నైట్రోజన్ లెక్కగట్టి 6.25తో హెచ్చవేసింది. యూరియాలో నైట్రోజన్ 46 శాతం. క్వింటాలు చెక్కలో కిలో యూరియా జల్లితే కాగితం మీద ప్రొటీన్ దగ్గరదగ్గర 3 శాతం పెరిగిపోతుంది, కోడికి మాత్రం ఒక్క గ్రాము పెరగదు. అందుకని ప్రొటీన్‌తో పాటు యూరియా టెస్టు కూడా రాయించు. చౌక అనే డీడీజీఎస్‌తో కూడా జాగ్రత్త, మక్కలోంచి పిండిపదార్థం ఇథనాల్‌కి పోయాక మిగిలేది అది, కాబట్టి మక్కలో ఉన్న విషం అందులో మూడింతలై కూర్చుంటుంది.

రాజాం_రైతు22
ఇంత చర్చ ఎందుకు సార్, టాక్సిన్ బైండర్ (మేతలో విషాన్ని పట్టేసే పొడి) డోసు డబుల్ చెయ్యండి, అయిపోతుంది. మేం అలాగే చేస్తాం.

గరివిడి_హాస్టల్
రైతు గారూ, బైండర్ పనికొస్తుంది, కాదనను. బెంటొనైట్ రకం మట్టి బైండర్లు అఫ్లటాక్సిన్‌ని బాగానే పట్టుకుంటాయి. కానీ టీ-2, ఆక్రాటాక్సిన్ లాంటి వేరే బూజు విషాల మీద వాటి పట్టు తక్కువ. టీ-2 ఉంటే కోడి నోట్లో పుళ్లు కనిపిస్తాయి, ఆక్రాటాక్సిన్ అయితే కిడ్నీలు ఉబ్బుతాయి. ఏ విషమో తెలియకుండా డోసు పెంచితే డబ్బు దండగ, పైగా మేతలో పోషకం లేని పదార్థం పెరుగుతుంది. ఇంకొందరు బూజు పట్టిన మక్కని మళ్లీ ఎండబెట్టి వాడతారు. ఎండకి కొత్త బూజు ఆగుతుంది, పుట్టిన విషం పోదు. పెల్లెట్ మిషన్ వేడికీ పోదు. జల్లెడ పట్టి నూక, దుమ్ము, విరిగిన గింజ తీసేస్తే కొంత తగ్గుతుంది, విషం ఎక్కువగా వాటిలోనే ఉంటుంది కాబట్టి.

పాలకొండ_చిక్స్
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, నీళ్లలో మందుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. గురక వచ్చిందని మా బంధువుల ఫారంలో ఎవరో చెబితే టయామ్యులిన్ నీళ్లలో ఇచ్చారు. మేతలో కాక్సీకి (కోళ్ల పేగుల జబ్బుకి) సాలినోమైసిన్ ఉందని ఎవరూ చూడలేదు. రెండూ కలిస్తే పడవు. కోళ్లు కాళ్లు చాపి పడిపోయాయి. జబ్బు ముదిరిందనుకుని మందు ఇంకా ఎక్కువ ఇచ్చారు. దయచేసి ఏ మందైనా నీళ్లలో కలిపే ముందు మేత సంచి మీద కాక్సీ మందు పేరు చదవండి. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ డబ్బాలు ఇంకా ఎక్కడైనా ఉంటే అవీ పారేయండి, 2019 జూలైలోనే మనుషుల తిండి కోసం పెంచే జంతువులకి నిషేధించారు.

చీపురుపల్లి_బ్రాయిలర్
మాకు సంచి మీద ఆ పేరే రాయరు. అడిగితే "మీకెందుకు" అంటారు.

లావేరు_లేయర్
రిపోర్టు వచ్చింది. కింద వరస సంచుల శాంపిల్‌లో బి1 పరిమితికి చాలా పైన, పై వరసలో లోపలే. గోడవైపు సరుకు మొత్తం పక్కన పెట్టేశాం. పై సరుకుని జల్లెడ పట్టి, డాక్టర్‌గారు చెప్పిన మోతాదులో బైండర్ వేసి, కొంత మక్క బదులు బియ్యం నూకలు కలుపుతున్నాం. నూకల్లో రంగు ఉండదు కాబట్టి పచ్చసొన తెల్లబడుతుందేమో, కొనేవాళ్లు గొడవ పెడితే చూద్దాం. ప్రీమిక్స్ (విటమిన్లు, ఖనిజాల పొడి) కూడా ముందు కొద్ది పిండిలో కలిపి ఆ తర్వాతే మిక్సర్‌లో వేయిస్తున్నా, ఇంతకు ముందు మావాళ్లు నేరుగా గుమ్మరించేవారు. గుడ్డు ఇంకా లేవలేదు, జారడం మాత్రం ఆగింది. తొట్టెలు ఖాళీ అవుతున్నాయి.

పక్కన పెట్టిన మక్కని ఏం చెయ్యాలి? చాలా డబ్బు అది.

రాజాం_రైతు22
గేదెలకి పెట్టెయ్, వాటికేం కాదు. లేదా దాణా వ్యాపారికి అమ్మెయ్.

గరివిడి_హాస్టల్
వద్దన్నా. గేదె తింటే ఆ బి1 ఒంట్లో ఎం1గా మారి పాలల్లో వస్తుంది. కాచినా పోదు. పాలల్లో దాని పరిమితి లీటరుకి అర మైక్రోగ్రాము, అంటే మేత కంటే ఎన్నో రెట్లు కఠినం, తాగేది పిల్లలు కాబట్టి. దాణా వ్యాపారికి అమ్మినా అది తిరిగి ఏదో ఒక గేదె దగ్గరికే చేరుతుంది.

గంట్యాడ_పెద్దన్న
ఆ పిల్ల చెప్పింది నిజమే. గొయ్యి తీసి పేడతో కలిపి ఎరువు చేసుకో, ఒకవేళ ఇథనాల్ వాళ్లు తీసుకుంటామన్నా ఇవ్వకు, బొబ్బిలి తమ్ముడు చెప్పాడు కదా, మళ్లీ డీడీజీఎస్‌గా మన షెడ్డుకే వస్తుంది. వచ్చే ఏడు సరుకు దింపే ముందు ఒక మీటర్ కొనుక్కో. వాటిలో ఏది నికరంగా చూపిస్తుందో మిల్లు తమ్ముడు ఇక్కడ రాస్తే మాకూ పనికొస్తుంది.

బొబ్బిలి_మిల్లు
రాస్తా. మా దగ్గర రెండు ఉన్నాయి, ఒకే గింజకి రెండూ రెండు రకాలుగా చూపిస్తున్నాయి. ముందు ఓవెన్‌లో ఎండబెట్టి తూకం వేసి ఏది నిజమో తేల్చుకోనీ.