200 కిలోలు మోసే మాడ్యులర్ రోబో బండి: ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చు?

ప్రశ్న

బాలానగర్‌లోని మా చిన్న మెషినింగ్ యూనిట్‌లో లేత్‌ల దగ్గర నుంచి ఇన్‌స్పెక్షన్ గదికి బిన్లు చేరవేయడానికే ఇద్దరు హెల్పర్లకు రోజంతా సరిపోతోంది. విడతకు సుమారు 200 కిలోల బరువు, దారి 60 మీటర్లు, మధ్యలో 20 అడుగులకు ఒక అడుగు లేచే ర్యాంపు ఉంది. విదేశీ ఏఎంఆర్ (తనంతట తానే దారి చూసుకుని నడిచే రోబో) బండ్ల ధర మాకు అందదు. హోవర్‌బోర్డు (నిలబడి నడిపే రెండు చక్రాల బోర్డు) మోటార్లు, అల్యూమినియం ప్రొఫైళ్లు, చవక లైడార్ (లేజర్‌తో చుట్టూ దూరాలు కొలిచే సెన్సర్), రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు తీసుకుని మేమే ఒక బండి కట్టుకుని, పైభాగాన్ని అవసరాన్ని బట్టి బిన్ల రాక్‌గానో, కన్వేయర్‌గానో, ట్రాలీ లాగే కొక్కెంగానో మార్చుకోవాలనుకుంటున్నాము. ఇందులో లోపాలుంటే దయచేసి చెప్పండి.

మొదటి జవాబు

ముందుగా మోటార్ల లెక్క చూడండి. బండి సొంత బరువు 80 కిలోలు అనుకుంటే సరుకుతో కలిపి 280 కిలోలు అవుతుంది. గచ్చు మీద చక్రాలు దొర్లడానికి సుమారు 55 న్యూటన్లు, రెండు సెకన్లలో సెకనుకు ఒక మీటరు వేగం అందుకోవడానికి 140, మీ ర్యాంపు ఎక్కడానికి మరో 137, వెరసి 330 న్యూటన్లకు పైగా బలం కావాలి. ఆ వేగంలో ఇది సుమారు 330 వాట్లు కాబట్టి, నష్టాలు కూడా కలుపుకుంటే ఒక్కో చక్రానికి 250 వాట్ల మోటారు పెట్టుకోవాలి. 200 మి.మీ. చక్రం అప్పుడు నిమిషానికి 95 చుట్లే తిరుగుతుంది కనుక, 3000 చుట్ల మోటారుకు 30:1 గేర్‌బాక్స్ సరిపోతుంది.

హోవర్‌బోర్డు మోటారుకు గేర్లు ఉండవు. ఇంత బరువుతో ర్యాంపు మీద నెమ్మదిగా కదిలేటప్పుడు కరెంటు ఎక్కువగా లాగి వేడెక్కుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, దానికి బ్రేకు లేదు. ర్యాంపు మధ్యలో బ్యాటరీ కనెక్షన్ ఊడితే 280 కిలోలు వెనక్కి దొర్లుతాయి. కరెంటు పోగానే స్ప్రింగు బలంతో తనంతట తానే పట్టుకునే బ్రేకు ఉన్న మోటారే కొనండి.

రెండవ జవాబు

మాడ్యులర్ అనగానే అందరి దృష్టీ పైభాగం మీదకే పోతుంది. మేము కట్టిన బండిలో మమ్మల్ని ఏడిపించినది మాత్రం కింది భాగమే. గచ్చులో పలకల మధ్య సందు వచ్చినచోట నాలుగు క్యాస్టర్ల (మోటారు లేని చిన్న చక్రాల) మీదే బరువంతా ఆగిపోయి, నడిపే చక్రం గాలిలో గిర్రున తిరిగేది. బండి కదలకపోయినా చక్రం చుట్లు లెక్కించే ఎన్‌కోడర్ మాత్రం రెండు మీటర్లు వెళ్లినట్టు లెక్క చెప్పేది. నడిపే చక్రాలను స్ప్రింగు సస్పెన్షన్ మీద కూర్చోబెట్టిన తరువాతే అది కుదిరింది.

మోటారు, గేర్‌బాక్స్, మోటారుకు కరెంటు అందించే డ్రైవర్ సర్క్యూట్, ఎన్‌కోడర్ అన్నీ ఒకే యూనిట్‌గా బిగించి, నాలుగు బోల్టులు, ఒక పవర్ కనెక్టర్, ఆదేశాలు మోసే క్యాన్ బస్ వైరు కనెక్టర్ ఒకటి విప్పగానే బయటకు వచ్చేలా చేయండి. ఎడమ, కుడి యూనిట్లు ఒకేలా ఉంటే ఒక్క స్పేర్ చాలు. చెడిపోయిన రోజున ఇంజనీరు కోసం ఎదురుచూడకుండా మీ ఫిట్టరే షిఫ్టు మధ్యలో మార్చేస్తాడు. బండి ఆగిన రోజులను కూడా ఖర్చులో కలిపి చూస్తే, చవక అన్నది అసలు ఇక్కడే తేలుతుంది.

మోటారు వేగాన్ని రాస్‌బెర్రీ పై కంప్యూటరుకు వదలకుండా యూనిట్‌లోని మైక్రోకంట్రోలర్ చిప్‌కే అప్పగించి, పైనుంచి ఆదేశం రావడం ఆగితే అది తానే ఆపేసేలా రాయండి. దారి వెతకడానికి రోబోల సాఫ్ట్‌వేర్ అయిన రాస్ 2, అందులో దారి చూపే నావ్ 2 వాడండి. పాత రాస్ 1 చివరి సంచిక నోయెటిక్‌కు మద్దతు 2025 మే నెలతో ముగిసింది.

మూడవ జవాబు

చవక లైడార్ దారి చూపడానికి పనికివస్తుంది గాని, మనిషిని కాపాడే బాధ్యత దాని మీద పెట్టకూడదు. డ్రైవర్ లేని పారిశ్రామిక బండ్లకు ఐఎస్ఓ 3691-4 అనే ప్రమాణం ఉంది. మనుషులను గుర్తించడానికి, ఆ పని కోసమే ధ్రువీకరించిన సేఫ్టీ స్కానర్ పెట్టండి. దాని ధర చూసి వెనక్కి తగ్గవద్దు. ఎర్ర బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్‌తో పని లేకుండా సేఫ్టీ రిలే అనే స్విచ్ ద్వారా మోటార్ల కరెంటు తెగిపోవాలి. వేగాన్ని సగం చేస్తే బ్రేకు పట్టాక ఆగడానికి పట్టే దూరం సుమారు నాలుగో వంతుకు తగ్గుతుంది కనుక, 60 మీటర్ల దారిలో సెకనుకు అర మీటరు వేగమే మేలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. హోవర్‌బోర్డు మోటార్ల ఆలోచన మానుకున్నాము. కన్వేయర్, కొక్కెం తరువాత చూసుకుంటాము. ముందు బ్రేకు ఉన్న గేర్ మోటార్లతో మూడు యూనిట్లు చేయించి, ఒకటి స్పేరుగా ఉంచుతాము. మా లేత్‌ల దగ్గర కూలెంట్, ఇనుప చిప్స్ ఎప్పుడూ నేల మీదే ఉంటాయి. పాలీయురేథేన్ చక్రంలో చిప్స్ దిగబడకుండా దాని ముందు బ్రష్ బిగించినవారు ఎవరైనా ఉంటే, అది ఎన్నాళ్లు పనిచేసిందో తెలుపగలరు.