"అంతా మేలే జరుగుతుంది": ముందున్న ముక్క కూడా చదవండి

ఎవరిదని ఒకరు అడిగిన "అంతా మేలే జరుగుతుంది, అంతా మేలే జరుగుతుంది, అన్ని రకాల సంగతులూ మేలుగానే ముగుస్తాయి" అన్న మాట పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లండ్ క్రైస్తవ భక్తురాలు జూలియన్ ఆఫ్ నార్విచ్‌ది. ఇంగ్లిష్‌లో ఒక స్త్రీ రాసినట్టు తెలిసిన పుస్తకాల్లో ఆమెదే మొదటిది. ఈ మాటను పూల బొమ్మ మీద వేసి గుడ్‌మార్నింగ్ మెసేజ్‌లా పంపుకుంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ పుస్తకం 27వ అధ్యాయంలో ఆ వాక్యం "పాపం రాక తప్పదు, కానీ" అని మొదలవుతుంది, ఆ ముక్కను అందరూ కోసేస్తున్నారు.

ఆమెకు ఆరేళ్లప్పుడు, 1349లో, నార్విచ్‌ను ప్లేగు ఊడ్చేసింది. 1373 మేలో, ముప్పై ఏళ్ల వయసులో జబ్బుపడింది. ఇక బతకదనుకుని పాస్టర్ సిలువను కళ్లెదుట పట్టుకున్నాడు, అప్పుడే పదహారు దర్శనాలు మొదలయ్యాయి. తను చూసింది ఎంత దగ్గర్నుంచి చెబుతుందంటే, ముళ్ల కిరీటం కింద కారే నెత్తురు పెద్ద వాన వెలిశాక చూరు నుంచి పడే చుక్కల్లా లెక్కకందకుండా పడిందట, నుదుటి మీద పరుచుకున్న చుక్కలేమో హెర్రింగ్ చేప పొలుసుల్లా గుండ్రంగా ఉన్నాయట. తర్వాత చర్చి గోడకు ఆనుకున్న గదిలో ఏకాంతవాసిగా ఉండిపోయి, ఏళ్ల తరబడి తలపోసి, ముందు చిన్నగా రాసినదాన్నే పెద్దగా తిరగరాసింది.

ఆమె పట్టుకున్న ప్రశ్న ఒకటే. దేవుడికి అన్నీ ముందే తెలుసు కదా, పాపాన్ని మొదట్లోనే ఎందుకు ఆపలేదు, ఆపి ఉంటే అంతా బాగుండేది కదా? దానికి క్రీస్తు ఇచ్చిన జవాబు ఈ వాక్యం. ఆమె అక్కడితో ఊరుకోలేదు, పాపం వల్ల ఇంత హాని జరిగాక అంతా మేలెలా అవుతుంది స్వామీ అని మళ్లీ అడిగింది. 32వ అధ్యాయంలో ఇంకా ముందుకెళ్లి, చాలామంది నరకానికి పోతారని సంఘం బోధిస్తోంది, నేనూ నమ్ముతున్నాను, మరి ఈ మాట ఎలా నిజమవుతుంది అంటుంది. "నీకు అసాధ్యమైనది నాకు అసాధ్యం కాదు, నా మాట అన్నింటిలోనూ నిలబెట్టుకుంటాను" అని జవాబు వచ్చింది, ఎలాగో మాత్రం చెప్పలేదు. ఆమె సంఘం బోధనూ వదల్లేదు, ఈ మాటనూ వదల్లేదు. నాకు ఆమె మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

"అన్ని రకాల సంగతులూ" ఎందుకన్నారో కూడా అక్కడే ఉంది. గొప్పవాటినే కాదు, చిన్నవాటిని, అల్పమైనవాటిని కూడా దేవుడు పట్టించుకుంటాడని, అతి చిన్నది కూడా మరుగున పడదని అర్థం చెబుతుంది.

కామెంట్లో ఒకరు ఇది బైబిల్లోని రోమా 8:28 (అన్నీ కలిసి మేలుకే జరుగుతాయన్న వచనం) లాంటిదే కదా అన్నారు. దగ్గరిదే, కానీ అక్కడ "దేవుని ప్రేమించువారికి" అన్న మాట ఉంది, జూలియన్ వాక్యంలో అలాంటి హద్దు లేదు, నరకం గురించి ఆమె అంత ఇబ్బంది పడింది కూడా అందుకే.

ఇక "పాపం రాక తప్పదు" అన్నచోట మూలంలో ఉన్న 'బిహోవ్లీ' అనే పాత మాటకు అవసరమైనది, తగినది అని రెండు అర్థాలూ వస్తాయి. "పాపం అవసరం" అంటే పాపం చేయమన్నట్టు వినిపిస్తుంది, ఆమె ఉద్దేశం అది కానే కాదు, పాపానికి అసలు ఉనికే లేదని, అది కలిగించే నొప్పి వల్లే తెలుస్తుందని అదే అధ్యాయంలో రాసింది. "రాక తప్పదు" అన్నది నా ఎంపిక, అందులో 'తగినది' అన్న ఛాయ పోతోంది. ఇంతకంటే మంచి మాట తడితే చెప్పండి.